దయ అనుకున్నాను

2019 నవంబరులో మా షాపులోంచి పంతొమ్మిది మందిని తీసేశాను. ఆ పని 2018 వేసవిలోనే చేయాల్సింది. మధ్యలో గడిచిన ఏడాదిన్నరకు నా మనసులో నేను పెట్టుకున్న పేరు దయ. వాళ్ళ పొట్ట కొట్టలేక ఆగుతున్నాననీ, ఇల్లు తాకట్టు పెట్టయినా జీతాలిస్తున్నాననీ, ఇంత బరువు ఒంటరిగా మోస్తున్నాననీ అనుకునేవాణ్ణి. ఆ బరువు మోసింది నేను కాదు, వాళ్ళు. వాళ్ళకు తెలియకుండా వాళ్ళ నెత్తిన పెట్టాను. ఈ మాట ఇన్నాళ్ళూ మా ఇంట్లో తప్ప బయట అనలేదు.

మాది హైదరాబాద్ బాలానగర్‌లో మెషీన్ షాపు. నేను తెనాలి దగ్గర పల్లెటూరివాణ్ణి. 1968లో బాలానగర్‌లో పెట్టిన టూల్ డిజైన్ సంస్థ సీఐటీడీలో డిప్లొమా చేశాను. కొన్నాళ్ళు ఉద్యోగం చేసి, 1996లో ఒక అద్దె షెడ్డులో రెండు పాత లేత్‌లతో మొదలుపెట్టాను. ఐడీపీఎల్, హెచ్‌ఏఎల్, హెచ్‌ఎంటీ లాంటి ఫ్యాక్టరీల పక్కన పెరిగిన పేట ఇది. పెద్దవాటిలో కొన్ని మూతపడ్డా పేట బతికింది. ఇక్కడివాళ్ళ చేతుల్లో పని ఉంది కాబట్టి బతికింది. డ్రాయింగ్ చేతికిస్తే మైక్రాన్లలో తేడా రాకుండా షాఫ్టు తిప్పి ఇచ్చే టర్నర్లు ఒక్కో గల్లీలో ఉన్నారు. మా షాపు బాగా నడిచిన రోజుల్లో అలాంటివాళ్ళు, హెల్పర్లు, ఆఫీసు మనుషులు అంతా కలిసి ముప్ఫై నాలుగు మంది ఉండేవాళ్ళం.

మేం చేసేది ఎక్కువగా థర్మల్ విద్యుత్ కేంద్రాలకు వెళ్ళే సరుకు. బొగ్గును పొడి చేసే మిల్లుల భాగాలు, పంపుల షాఫ్టులు, బుష్‌లు. మా పనిలో ముప్పాతిక వంతు ఒకే పెద్ద పార్టీ నుంచి వచ్చేది. 2012లో ఉమ్మడి రాష్ట్రంలో పరిశ్రమలకు పవర్ హాలిడేలు పెట్టినప్పుడు, వారానికి మూడేసి రోజులు మెషీన్లు ఆగిపోయినప్పుడు, దేశానికి ఇంకా ఎన్ని థర్మల్ కేంద్రాలు కావాలో కదా అనుకునేవాణ్ణి. కరెంటు కొరత ఉన్నంతకాలం మాకు పని కొరత ఉండదన్నది నా లెక్క. ఆ ధీమాతోనే బ్యాంకు లోను మీద కంప్యూటరుతో నడిచే మిల్లింగ్ మెషీన్లు, వీఎంసీలు, రెండు తెచ్చాను.

ఆ లెక్క తప్పింది. దేశంలో కొత్త థర్మల్ కేంద్రాల ఆర్డర్లు ఏటికేడు పలచబడ్డాయి. 2017 మేలో రాజస్థాన్‌లోని భడ్లా సోలార్ పార్కు వేలంలో యూనిట్ ధర 2 రూపాయల 44 పైసలకు దిగింది. ఆ వార్త పొద్దున టీ తాగుతూ చదివాను. ఎంత చవకో అని ఆశ్చర్యపోయి పేజీ తిప్పేశాను. ఆ 2 రూపాయల 44 పైసల్లో మా షాపు జాతకం రాసి ఉంది. అంత చవగ్గా ఎండ నుంచి కరెంటు వస్తుంటే కొత్తగా బొగ్గు మిల్లులు ఎవరు పెడతారు? మెషీన్ల గురించి ఇరవై ఏళ్ళు తెలుసుకున్న నేను, ఆ మెషీన్ల మీద చేసిన సరుకు చివరికి ఎక్కడికి వెళుతుందో, అక్కడ ఏం జరుగుతోందో తెలుసుకోలేదు.

ఆర్డర్లు తగ్గడం ఒక ఎత్తయితే పేమెంట్లు మరో ఎత్తు. చిన్న పరిశ్రమల నుంచి సరుకు తీసుకున్నవాళ్ళు 45 రోజుల్లోపు డబ్బు కట్టాలని 2006 చట్టం చెబుతుంది. కట్టకపోతే బ్యాంకు రేటుకు మూడింతల చక్రవడ్డీ ఇవ్వాలి, ఫిర్యాదు తీసుకోవడానికి ఫెసిలిటేషన్ కౌన్సిల్ కూడా ఉంది. మా బిల్లులు నాలుగైదు నెలలకు గానీ పాసయ్యేవి కావు. ఫిర్యాదు ఎందుకు చెయ్యలేదంటే, చేసిన మర్నాటి నుంచి ఆర్డరు రాదు. పేటలో ఏ షెడ్డు ఓనర్ని అడిగినా ఇదే చెబుతాడు. మధ్యలో పడే గుంతను బ్యాంకు క్యాష్ క్రెడిట్ లిమిటుతో పూడ్చుకుంటూ వచ్చాను. లిమిటు నిండాక ఆ గుంత అలాగే ఉండిపోయింది.

2018 మేలో మా అకౌంటెంటు, నేను కూర్చుని లెక్క తీశాం. నెలకు సుమారు మూడు లక్షలు లోటు. పాత లేత్‌ల సెక్షను, రెండో షిఫ్టు మూసేస్తే మిగిలినది నిలబడుతుంది. అంటే పంతొమ్మిది మంది వెళ్ళాలి. ఒక నెల నోటీసు జీతం, పనిచేసిన ఒక్కో ఏడాదికి పదిహేను రోజుల జీతం చొప్పున పరిహారం, ఆపైన గ్రాట్యుటీ, అన్నీ కలిపితే ముప్ఫై ఎనిమిది లక్షల దాకా తేలింది. పాత మెషీన్లు రెండు అమ్మి, రావలసిన బిల్లుల్లో కొంత వసూలైతే ఇవ్వగలిగిన మొత్తమే. అకౌంటెంటు కాగితం నా ముందు పెట్టి, "ఇప్పుడైతే అందరికీ పైసాతో సహా ఇచ్చి పంపగలం సార్" అన్నాడు. ఆ కాగితం మడిచి టేబులు సొరుగులో వేసి తాళం పెట్టాను.

ఎందుకు పెట్టానో నిజాయితీగా చెప్పాలి. వాళ్ళ మీద జాలి లేకపోలేదు. కానీ దాని కంటే పెద్దది ఇంకొకటి ఉంది. మా షాపులో అప్పటిదాకా ఎవర్నీ తీసెయ్యలేదు. ఆ సంగతి నేను నలుగురిలో చెప్పుకునేవాణ్ణి, పేటలో మరో పదిమంది నా గురించి చెప్పేవాళ్ళు. హెల్పరుగా చేరిన పిల్లలు మెషీన్లు సెట్ చేసే సెట్టర్లయ్యారు, వాళ్ళ పెళ్ళిళ్ళకు వెళ్ళాను, పిల్లల అక్షరాభ్యాసాలకు పలకలు కొనిచ్చాను. "మా సార్ మా అన్నదాత" అని వాళ్ళు వచ్చిన చుట్టాలకు పరిచయం చేస్తుంటే కడుపు నిండేది. ఆ పేరు పోగొట్టుకోవడం నాకు ఇష్టం లేదు. పంతొమ్మిది మంది బతుకు ఒకవైపు, నా మంచి పేరు ఒకవైపు ఉంటే, నేను నా పేరును కాపాడుకున్నాను. కాపాడుకుంటున్నది వాళ్ళ బతుకునని నమ్మాను.

2018 దసరాకి ఆయుధపూజ చేసుకున్నాం. మెషీన్లన్నీ కడిగి, పసుపు కుంకుమ పెట్టి, గుమ్మడికాయ కొట్టాం. అందరికీ స్వీటు ప్యాకెట్లు, బోనసు కవర్లు ఇచ్చాక నాలుగు మాటలు చెప్పమన్నారు. "పని తగ్గిందని మీలో కొందరు అనుకుంటున్నారట. ఈ షాపులో ఇప్పటిదాకా ఒక్కణ్ణి తీసింది లేదు, ఇకముందు తీసేది లేదు" అన్నాను. చప్పట్లు కొట్టారు. ఆ బోనసు డబ్బు ఇల్లు బ్యాంకులో పెట్టి తెచ్చిందని వాళ్ళకు తెలియదు. కూకట్‌పల్లిలో నా పేరు మీదున్న ఇంటి కాగితాలు అంతకు నెల ముందే ఇచ్చేశాను. ఇంట్లో ఒక్క మాట చెప్పలేదు.

ఇక అక్కడి నుంచి నా ఒళ్ళు నా మాట వినడం మానేసింది. జీతాలు ఏడో తారీకులోపు ఇవ్వాలి. ఇరవయ్యో తారీకు నుంచే గుండెలో దడ మొదలయ్యేది. పార్టీల ఆఫీసులకు ఫోన్లు, బ్యాంకు మేనేజరు దగ్గర పడిగాపులు, చిట్టీ పాట, బావమరిది దగ్గర చేబదులు. ఏడో తారీకు సాయంత్రం జీతాలు అకౌంట్లలో పడ్డాక కుర్చీలో వెనక్కి వాలితే, గెలిచినట్టుండేది. ఆ గెలుపు రెండు వారాలు. తినేటప్పుడు అన్నం ముద్ద గొంతు దిగేది కాదు. రాత్రి రెండింటికి మెలకువ వచ్చి పైకప్పు చూస్తూ పడుకుని మనుషుల్ని లెక్కపెట్టేవాణ్ణి. వీడికి ఆడపిల్లలు, వాడి తల్లికి డయాలసిస్, వీడిది పోయినేడే పెళ్ళయింది. ఎవరి మొహం తలచుకున్నా తీసెయ్యడానికి చెయ్యి రాలేదు. తెల్లారి షెడ్డుకు వెళ్ళి వాళ్ళ కళ్ళల్లోకి చూడలేక, ఫోను చూసుకుంటున్నట్టు నటిస్తూ ఆఫీసు గదిలోకి దూరేవాణ్ణి. ఈ బాధ నిజమైనదే. దాన్ని తక్కువ చేసి చెప్పను. కానీ బాధపడుతున్నాను కాబట్టి నేను మంచిపనే చేస్తున్నానని అనుకున్నాను చూడండి, అదే నా మూర్ఖత్వం. నేను ఎంత నలిగిపోతే వాళ్ళకు అంత మేలు జరుగుతున్నట్టు లెక్కేసుకున్నాను. నేను నిద్రపోకపోతే వాళ్ళకొచ్చే లాభం ఏముంది?

ఒకతని సంగతి చెప్పాలి. పేరు రాయను. మా దగ్గర హెల్పరుగా చేరి, లేత్ నేర్చుకుని, మిల్లింగ్ నేర్చుకుని, చివరికి వీఎంసీ సెట్టరయ్యాడు. మెదక్ వైపు మనిషి. డ్రాయింగులో పొరపాటుంటే నాకంటే ముందు పట్టేవాడు. బోరు కొలిచేటప్పుడు గేజిని లోపల పెట్టి, ఊపిరి బిగబట్టి, వేళ్ళతో అటూ ఇటూ మెల్లగా ఊపి, సూది ఆగిన చోట ఒక క్షణం కళ్ళు మూసుకునేవాడు. ఆ తరవాతే రీడింగ్ రాసేవాడు. అతను రాశాడంటే మళ్ళీ కొలవక్కర్లేదు.

2018 మార్చిలో హైదరాబాద్ శివార్లలోని ఆదిబట్లలో అపాచీ హెలికాప్టర్ల బాడీలు తయారుచేసే టాటా–బోయింగ్ కర్మాగారం మొదలైంది. ఆ చుట్టుపక్కల విమాన భాగాలు చేసే షెడ్లలో చేతిలో పనున్న సెట్టర్లకు గిరాకీ ఉండేది. ఆ ఏడాది దీపావళి వెళ్ళాక ఇతను ఒక సాయంత్రం షిఫ్టు అయ్యాక ఆఫీసు గది గుమ్మంలో నిలబడ్డాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

"సార్, ఆదిబట్ల దిక్కు ఒక కంపెనీల రమ్మంటున్నరు. జీతం గూడ మంచిగనే ఇస్తమంటున్నరు. మీకు చెప్పకుంట పోవుడు నాకు పద్ధతి అనిపిస్తలేదు. మీరేమంటరు?"

అతను నన్ను అడిగిన ప్రశ్న అదొక్కటే. మీరేమంటారు అని. దానికి సరైన జవాబు నా టేబులు సొరుగులో తాళం వేసి ఉంది. ఆ కాగితంలో వెళ్ళాల్సిన పంతొమ్మిది మందిలో రెండో షిఫ్టు సెట్టరు ఒకడు. అది ఇతనే.

"నువ్వు లేకపోతే రెండో షిఫ్టు ఎవరు నడుపుతారయ్యా? ఇన్నేళ్ళు ఇక్కడుండి ఇప్పుడు ఆ ఊరిబయటికి పోతావా? వచ్చే నెల నుంచి రెండు వేలు పెంచుతాను" అన్నాను.

అతను కాసేపు తల వంచుకుని నిలబడ్డాడు. "మీరు చెప్పినంక ఇంకేముంది సార్" అన్నాడు. ఆ రాత్రి నేను బాగా నిద్రపోయాను. ఒక మంచి మనిషి నా షాపును వదిలి వెళ్ళలేదని సంతోషంతో నిద్రపోయాను.

కథ అక్కడితో ఆగినా కొంత నయం. సంక్రాంతి తరవాత అతను ఒక ఫారం పట్టుకుని వచ్చాడు. గాజులరామారంలో చిన్న ఇల్లు చూసుకున్నాడు. బ్యాంకు లోనుకు శాలరీ సర్టిఫికెట్ కావాలి. ఫలానా సంవత్సరం నుంచి మా సంస్థలో పనిచేస్తున్నాడు, పర్మినెంటు ఉద్యోగి, నెల జీతం ఇంత అని రాసి, కింద ఓనరు సంతకం, స్టాంపు. నేను పెన్ను తీశాను. ఆ క్షణంలో చెప్పి ఉండొచ్చు. ఇప్పుడు ఇల్లు వద్దు, ఒక ఏడాది ఆగు, షాపు పరిస్థితి బాగాలేదు అని ఒక్క మాట. నోరు పెగల్లేదు. పర్మినెంటు అన్న గడిలో టిక్కు పెట్టి సంతకం చేశాను. స్టాంపు సరిగా పడలేదని అతనే మళ్ళీ ఇంకు ప్యాడ్ మీద అద్ది, జాగ్రత్తగా రెండోసారి వేయించుకున్నాడు. నా సంతకం చూసి బ్యాంకు వాళ్ళు లోనిచ్చారు. గృహప్రవేశానికి పిలిస్తే మా ఆవిడను తీసుకుని వెళ్ళాను, వెండి కుంది ఇచ్చి వచ్చాను.

కంపెనీ పెట్టినవాళ్ళ కష్టం గురించి మాట్లాడేటప్పుడు అందరూ అప్పుల గురించీ, రిస్కు గురించీ చెబుతారు. నాకు మాత్రం ఆ సర్టిఫికెటే కళ్ళముందు ఉంటుంది. అప్పు నేను చేసింది నా ఇంటి మీద. ఆ సంతకంతో నా అప్పును అతని ఇంటి మీదికి కూడా తీసుకెళ్ళాను.

వాళ్ళకేం తెలియదని కూడా నేను పొరపడ్డాను. 2019 ఎండాకాలంలో ఒక రెండు నెలల పీఎఫ్ సకాలంలో కట్టలేదు. వాళ్ళ జీతంలోంచి కోసిన పన్నెండు శాతం కూడా అందులో ఉంది. ఆ డబ్బు నాది కాదు, ఒక్కరోజు ఆపుకోవడానికి కూడా నాకు హక్కు లేదు. ఆపాను. తరవాత వడ్డీతో కట్టాననుకోండి, కట్టినంత మాత్రాన చేసింది ఒప్పయిపోదు. ఫోన్లో పాస్‌బుక్ చూసుకున్న కుర్రాళ్ళకు మర్నాడే తెలిసిపోయింది. అంతకుముందే స్క్రాపు బండి నెలకు రెండుసార్లకు బదులు ఒకసారే వస్తోందని గేటు దగ్గర వాచ్‌మన్ గమనించాడు. అరిగిన ఇన్సర్టుల బదులు కొత్త డబ్బాలు రావడం లేదని స్టోరు కుర్రాడు గమనించాడు. కూలెంటు మార్చడం లేదని ఆపరేటర్లకు ముక్కుకే తెలిసింది. ఏళ్ళ తరబడి ఇనుము కొలిచినవాళ్ళకు షాపు కొలవడం రాదా? అన్నీ చూశారు. చూసి కూడా ఉండిపోయారు. సార్ దసరా రోజు మాటిచ్చాడు కదా అనుకున్నారట. కళ్ళతో చూసిన దానికంటే నా మాటను ఎక్కువ నమ్మారు. ఈ సంగతి తెలిసినప్పుడు నాకు కలిగినంత సిగ్గు జీవితంలో ఇంకెప్పుడూ కలగలేదు.

2019 జూలై చివర్లో కాఫీ డే వ్యవస్థాపకుడు వి.జి. సిద్ధార్థ కనిపించకుండా పోయారు. రెండు రోజులకు మంగళూరు దగ్గర నేత్రావతి నదిలో ఆయన దొరికారు, ప్రాణంతో కాదు. టీవీలో రోజంతా అదే. నేను చూస్తూ కూర్చున్నాను, కదల్లేదు. మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి టీవీ కట్టేసింది. నా ఎదురుగా కూర్చుని, "ఏమండీ, లెక్కలన్నీ తెండి. ఏదీ దాచకండి. నేను చూస్తాను" అంది. ఎన్ని నెలలుగా గమనిస్తోందో. తాళం చెవి ఇచ్చాను. మర్నాడు షాపుకు నాతో వచ్చి, సొరుగు తీసి, ఆ కాగితం చదివింది. ఇంటి కాగితాల సంగతి కూడా అప్పుడే చెప్పాను. తిట్టలేదు. చాలాసేపు మాట్లాడలేదు. ఆ తరవాత, "ఇల్లు పోతే పోనివ్వండి. ముందు వాళ్ళకు చెప్పాలి కదా" అంది.

ఈ వ్యాసం చదువుతున్న ఓనరు ఎవరైనా రాత్రిళ్ళు చీకటి ఆలోచనలతో ఉంటే, ఈ పేరా దాటేముందు ఒక మనిషికి ఫోను చెయ్యండి. ఇంట్లోవాళ్ళకు చెప్పలేకపోతే టెలి మానస్ నంబరు 14416 ఉంది, తెలుగులో మాట్లాడతారు, రాత్రీ పగలూ. 2019లో ఆ నంబరు లేదు. నాకు మా ఆవిడ ఉంది.

అప్పటికి కూడా నేను మూడు నెలలు లాగాను. ఏదో ఒక పెద్ద ఆర్డరు వస్తుందన్నారు, దాని కోసం చూశాను. రాలేదు. వాహన పరిశ్రమ కూడా ఆ ఏడాది దెబ్బతినడంతో ఆ వైపు తిరగాలన్న ప్రయత్నమూ సాగలేదు. అక్టోబరులో లేబర్ కన్సల్టెంటును పిలిచి జాబితా రాయడం మొదలుపెట్టాం. చివర వచ్చినవాళ్ళు ముందు వెళ్ళాలన్నది చట్టం చెప్పే వరస, ఒక్కో కేటగిరీలో. ఆ వరస నాకు మొదట నచ్చలేదు. ఎవరికి ఎన్ని కష్టాలున్నాయో చూసి నేనే నిర్ణయిస్తానన్నాను. కన్సల్టెంటు పెద్దాయన, ఓపిగ్గా విన్నాడు. "ఎవరి కష్టం ఎంతో తూచడానికి మీరెవరండీ? చట్టం వరస పెట్టింది మీకు ఆ పని లేకుండా చెయ్యడానికే" అన్నాడు. రాత్రిళ్ళు పైకప్పు చూస్తూ మనుషుల్ని లెక్కపెట్టిన నాకు ఆ మాట చెంప మీద కొట్టినట్టు తగిలింది. ఇన్నాళ్ళు నేను చేసింది అదే కదా.

చెప్పిన రోజు అందరినీ ఒక్కచోట నిలబెట్టి చెప్పలేదు. ఒక్కొక్కళ్ళనే గదిలోకి పిలిచి, కుర్చీలో కూర్చోబెట్టి, కాగితం చదివి చెప్పాను. కొందరు తలూపి లేచి వెళ్ళారు. ఒక పెద్దాయన నా చెయ్యి పట్టుకుని, "మీ ఆరోగ్యం జాగ్రత్త సార్" అన్నాడు. ఒక కుర్రాడు తిట్టాడు. తిట్టడానికి అతనికి హక్కుంది.

సెట్టరు లోపలికి వచ్చేసరికి అతనికి తెలిసిపోయింది. కాగితం ముట్టుకోలేదు. కిటికీలోంచి తన మెషీను వైపు చూశాడు. "నిరుడే చెప్పుంటే మంచిగుండు గద సార్" అన్నాడు. గొంతు పెంచలేదు. నేను క్షమించమన్నాను. దానికి అతను ఏమీ అనలేదు. అనాల్సిన అవసరం అతనికి లేదు.

ఏడాదిన్నరలో లోటు యాభై లక్షలు దాటింది. 2018లో పంతొమ్మిది మందికీ పూర్తిగా ఇచ్చి పంపడానికి కావలసిన డబ్బు కంటే అది ఎక్కువ. వాళ్ళకు రావలసిన డబ్బునే నెలనెలా జీతం పేరుతో వాళ్ళకిచ్చి, దాన్ని త్యాగం అనుకున్నాను. 2019 నవంబరులో చేతిలో ఏమీ లేదు, అమ్ముదామంటే అప్పటికి మెషీన్లన్నీ బ్యాంకు హైపాథికేషనులో ఉన్నాయి. నోటీసు జీతం, పరిహారంలో కొంత ఇచ్చి, మిగతాది, గ్రాట్యుటీ వాయిదాల్లో ఇస్తానని రాసిచ్చాను.

ఆ తరవాత నాలుగు నెలలకు, 2020 మార్చి 25న దేశమంతా లాక్‌డౌన్. మా షాపులోంచి వెళ్ళినవాళ్ళలో కొత్త పని దొరికినవాళ్ళు కొందరే. దొరికినవాళ్ళు కూడా చేరి నెలలే అయింది కాబట్టి, అక్కడ కోత పెట్టినప్పుడు ముందు పోయారు. చివర వచ్చినవాళ్ళు ముందు. మిగిలిన షాపును నిలబెట్టుకోవడానికి నాకు కేంద్రం ఇచ్చిన అత్యవసర రుణ హామీ పథకం కింద బ్యాంకు అదనపు లోను ఇచ్చింది. వాళ్ళకు అలాంటి లోను ఇచ్చినవాళ్ళు లేరు. సెట్టరు ఇంటి లోనుకు ఆరు నెలలు మారటోరియం వచ్చింది, వడ్డీ మాత్రం పెరుగుతూనే ఉంది. 2021లో ఆ ఇల్లు అమ్మేశాడు. ఇప్పుడు ఆదిబట్ల వైపే ఒక షెడ్డులో చేస్తున్నాడు. 2018లో అతన్ని పిలిచినప్పుడు ఇస్తామన్న జీతం కంటే తక్కువకు చేరాడని మా పాత ఫోర్‌మన్ చెప్పాడు.

నిర్ణయాలు తీసుకునేవాడు ఒంటరి అనీ, పైనున్నవాడి బాధ ఎవరికీ అర్థం కాదనీ వ్యాపారుల సభల్లో చాలాసార్లు విన్నాను. ఒకప్పుడు నేనూ తలూపేవాణ్ణి. ఇప్పుడు ఊపను. నా ఒంటరితనం నాకు ఎవరూ ఇవ్వలేదు, నేను సొరుగుకు తాళం వేసుకుని తెచ్చుకున్నాను. భార్యకు చెప్పి ఉంటే, ఫోర్‌మన్‌కు చెప్పి ఉంటే, చివరికి ఆ పంతొమ్మిది మందికే చెప్పి ఉంటే, వాళ్ళలో ఎవరికైనా ఏదైనా తోచేది. రెండో షిఫ్టు మానేసి అందరం కొన్నాళ్ళు తక్కువ జీతానికి చేద్దామని ఎవరైనా అనేవాళ్ళేమో. ఇద్దరు ముగ్గురు ఊళ్ళో పొలం చూసుకోవడానికి వాళ్ళంతట వాళ్ళే వెళ్ళేవాళ్ళేమో. సెట్టరు ఆదిబట్ల వెళ్ళేవాడు, అందులో ఏమో లేదు. తీసెయ్యడం ఎప్పుడైనా బాధే. 2018లో చేసినా నేను రాత్రిళ్ళు నిద్రపోయేవాణ్ణి కాను. కానీ ఆ బాధలో వాళ్ళకు దారులుండేవి. నా బాధ తగ్గించుకోవడానికి వాళ్ళ దారులు మూసేశాను.

ఇప్పుడు షాపులో పద్నాలుగు మందిమి. పార్టీలు ఐదారు, ఏ ఒక్కరి పనీ మూడో వంతు మించదు. టైమ్ ఆఫీసు పక్కన ఒక బోర్డు పెట్టాం. చేతిలో ఎన్ని నెలల ఆర్డర్లున్నాయి, రావలసిన బిల్లులెంత, జీతాలకు ఎన్ని నెలల డబ్బుంది, పీఎఫ్ ఏ తారీకున కట్టాం, ఇవన్నీ ప్రతి నెలా పదో తారీకున తెలుగులో రాస్తాం. కింద హిందీలో కూడా, ఒడిశా, బీహారు కుర్రాళ్ళ కోసం. 2023లో ఒక మూడు నెలలు ఆ బోర్డు మీద అంకెలు బాగాలేవు. చూసి ఇద్దరు వేరే చోట చేరారు. మంచి ఆపరేటర్లు, వెళ్ళిపోతుంటే ప్రాణం ఉసూరుమంది. వెళ్ళొద్దని అనలేదు. సర్వీసు సర్టిఫికెట్లు ఆ రోజే ఇచ్చాను.

చిన్న షెడ్లు, చిన్న కంపెనీలు నడిపే నా తోటివాళ్ళను ఒక్కటి అడుగుతున్నాను. మీ దగ్గర జీతం తీసుకునే మనిషి ఇంటి లోను ఫారం పట్టుకుని సంతకానికి వచ్చినప్పుడు, మీ సొరుగులో ఏం దాచారో ముందు అతనికి చెప్పండి. ఆ తరవాత అతను అడిగితే సంతకం పెట్టండి.

గ్రాట్యుటీని చట్టం ప్రకారం ముప్ఫై రోజుల్లో ఇవ్వాలి, ఆలస్యమైతే పది శాతం వడ్డీ. పంతొమ్మిది మందిలో పదిహేడు మందికి వడ్డీతో సహా ఇచ్చేశాను. ఇద్దరివి ఇంకా బాకీ ఉన్నాయి, వాళ్ళ పేర్లు, మొత్తాలు కూడా ఆ బోర్డు మీదే రాసి ఉన్నాయి.